ఇరవై నాలుగు పీరియడ్లు

2011 జూలై 5న సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు మధ్యలో చిన్న జాబితా ఒకటి ఉంది. మావోయిస్టుల మీద పోరాటానికి ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం తీసుకున్న గిరిజన కుర్రాళ్లకు ఏమేం నేర్పారో, దేనికి ఎన్ని పీరియడ్లో అందులో రాసి ఉంటుంది. శిక్షణ మొత్తం రెండు నెలలు, పీరియడ్ అంటే ఒక గంట. చట్టానికి 24 పీరియడ్లు. శిక్షాస్మృతి, నేర విచారణ స్మృతి, సాక్ష్యాల చట్టం అన్నీ ఆ 24 గంటల్లోనే అయిపోవాలి. మానవ హక్కులకూ రాజ్యాంగంలోని మిగతా విషయాలకూ కలిపి 12 గంటలు.

ఈ జాబితాను పిటిషనర్లు పట్టుకురాలేదు. ప్రభుత్వమే తన అఫిడవిట్‌లో పెట్టింది. మేం ఊరికే తుపాకులు ఇవ్వలేదు, హక్కులు కూడా నేర్పే ఇచ్చాం అని చెప్పుకోవడానికి పెట్టినట్టుంది. ధర్మాసనం దాన్ని తీర్పులోకి ఎక్కించి, పక్కనే ప్రభుత్వం చెప్పిన మరో మాట కూడా ఎక్కించింది: స్పెషల్ పోలీస్ ఆఫీసర్ల నియామకంలో ఐదో తరగతి పాసైనవాళ్లకు ప్రాధాన్యం ఇస్తాం. ఈ 'ప్రాధాన్యం' దగ్గర కోర్టు ఆగింది. ప్రాధాన్యం అంటే తప్పనిసరి కాదు గదా, అంటే ఐదు కూడా పాసుకానివాళ్లను తీసుకోవచ్చన్నమాటే గదా అంది. ఆ తర్వాత అడిగింది: అలాంటి కుర్రాడు 24 గంటల్లో ఈ చట్టాలన్నీ ఎలా నేర్చుకున్నాడు?

నేను ఈ తీర్పును చాలాసార్లు చదివాను. ప్రతిసారీ ఆ ప్రశ్న దగ్గర ఒక నిమిషం ఆగుతాను. చేయి తిరిగిన పనివాడు ఉలి ఎక్కడ ఆనించాలో చూపించే చోటు అది.

తీర్పు పేరు నందినీ సుందర్ వర్సెస్ ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం. జనం నోట సల్వాజుడుం తీర్పు. 2007లో పిటిషన్ వేసినవాళ్లు ముగ్గురు: సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో గిరిజన సంక్షేమం చూసిన మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ. దంతెవాడ ఆదివాసీ నాయకుడు కర్తం జోగా, మరికొందరు వేసిన పిటిషన్ కూడా దీనికి తోడు నడిచింది. తీర్పు ఇచ్చిన ఇద్దరిలో ఒకరు జస్టిస్ సురీందర్ సింగ్ నిజ్జర్. రెండోవారు జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, రంగారెడ్డి జిల్లా ఆకుల మైలారం మనిషి. అప్పటికి ఆయన పదవీ విరమణకు మూడు రోజులుంది. ముందు రోజే నల్లధనం కేసులో మరో పెద్ద తీర్పు ఇచ్చి వచ్చారు.

మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలోని అల్లపల్లిలో కూర్చుని చదివితే ఈ తీర్పు హైదరాబాదులో చదివినట్టు ఉండదు. ఇక్కణ్ణుంచి దక్షిణానికి అడవి మధ్య రోడ్డు సిరోంచకు పోతుంది. సిరోంచలో నది ఒడ్డున నిలబడితే అవతల కాళేశ్వరం. అక్కడి నుంచి తూర్పుకు పోతే పాతగూడెం దగ్గర ఇంద్రావతి వంతెన, అది దాటితే ఛత్తీస్‌గఢ్, భోపాలపట్నం. మూడు రాష్ట్రాలు, నాలుగు భాషలు. బడిలో మరాఠీ, బజారులో తెలుగు, ఇంట్లో గోండి లేదా మాడియా, పోలీసు స్టేషన్‌లో అవసరాన్ని బట్టి హిందీ. పీపుల్స్‌వార్ దళాలు గోదావరి దాటి ఇటు వచ్చింది 1980లో. అదే ఏడాది నవంబరులో సిరోంచ తాలూకాలో పెద్ది శంకర్ పోలీసు కాల్పుల్లో చనిపోయాడు. అప్పటికి గడ్చిరోలి జిల్లా పుట్టనేలేదు, 1982లో చంద్రపూర్ నుంచి విడదీశారు. ఆ తర్వాత నలభై ఏళ్లలో ఈ రోడ్డు పక్క ఊళ్లలో మనిషిని చంపడానికి పనికొచ్చిన మాటలు రెండే: 'నక్సలైటు', 'ఇన్ఫార్మర్'. మొదటి మాట ఒక వైపు నుంచి వస్తుంది, రెండోది మరో వైపు నుంచి. అన్నం పెట్టాడని ఒకరు, దారి చూపాడని మరొకరు. ఆ రెండు మాటల మధ్య బతికే మనిషిని సాధారణ పౌరుడు అంటాం. ఈ తీర్పు ఆ మనిషి గురించి.

2005 జూన్‌లో ఇంద్రావతికి అవతల, కుట్రు ప్రాంతంలో సల్వాజుడుం మొదలైంది. ప్రభుత్వం దాన్ని శాంతి ఉద్యమం అంది. గోండి తెలిసినవాళ్లు జుడుం అంటే వేట అన్నారు. ఊళ్లు ఖాళీ చేయించి రోడ్డు పక్క క్యాంపుల్లోకి తెచ్చారు. రానివాళ్లను మావోయిస్టుల కింద జమకట్టారు. క్యాంపుకూ పోలేక, ఊళ్లోనూ ఉండలేక వేలమంది సరిహద్దు దాటి అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చారు. మనం వాళ్లను గుత్తికోయలు అని పిలిచాం, తర్వాత అక్కడి అటవీ శాఖతో వాళ్ల తగాదా మరో కథ. క్యాంపుల్లోని కుర్రాళ్లనే ఏరి స్పెషల్ పోలీస్ ఆఫీసర్లను (ఎస్పీవోలను) చేశారు. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం, అందులో 80 శాతం కేంద్రం భరించేది. తీర్పు నాటికి వాళ్లు 6,500 మంది.

ఇక పనితనం.

ప్రభుత్వ వాదన ఇది: ఎస్పీవోలు దారి చూపేవాళ్లు, మాట తర్జుమా చేసేవాళ్లు, మనుషుల్ని గుర్తుపట్టేవాళ్లు మాత్రమే. తుపాకీ ఇచ్చింది ఆత్మరక్షణకు. వినడానికి బాగానే ఉంది. కోర్టు దీన్ని అబద్ధం అనలేదు. నిజమే అనుకుందాం అని మొదలుపెట్టింది. ఆత్మరక్షణ కోసం కాల్చే హక్కు ఎప్పుడు పుడుతుంది? ప్రాణానికి ముప్పు ఉందని సహేతుకంగా భయపడినప్పుడు. ఆ 'సహేతుకం' అనే మాటను తేల్చడానికి కోర్టుల్లో లాయర్లు ఏళ్ల తరబడి వాదిస్తారు. అవతలి మనిషి చేతిలో ఉన్నది తుపాకీనా కర్రా, అతను పారిపోతున్నాడా మీదికి వస్తున్నాడా, ఇంకో దారి ఉందా అని క్షణంలో తూచుకోవాలి. ఆ తూకం నేర్పింది 24 పీరియడ్లలోనా? అంటే ఆత్మరక్షణ అని ప్రభుత్వం తన తప్పును చిన్నది చేయబోయిన చోటే కోర్టు దాన్ని పెద్దది చేసి చూపించింది. తుపాకీ తక్కువ పనికి ఇచ్చాం అన్నవాళ్లకు, ఆ తక్కువ పనికే ఎక్కువ వివేకం కావాలి అని బదులు చెప్పింది.

తర్వాత లెక్క. ప్రభుత్వమే ఇచ్చిన అంకెలు: 2004 నుంచి 2010 దాకా రాష్ట్రంలో 2,298 నక్సలైటు దాడులు, చనిపోయిన పోలీసులూ పారామిలిటరీ వాళ్లూ 538 మంది, గ్రామస్తులు 1,064 మంది. ఎస్పీవోలలో 173 మంది ప్రాణాలు త్యాగం చేశారని మరోచోట రాసింది. త్యాగం అనే మాటను కోర్టు వదల్లేదు. దారి చూపేవాళ్లూ తర్జుమా చేసేవాళ్లూ అయితే ఇంతమంది ఎలా చచ్చిపోయారు? మొత్తం బలంలో చనిపోయినవాళ్ల వంతు చూస్తే మామూలు బలగాల కన్నా ఎస్పీవోలదే ఎక్కువగా ఎందుకుంది? అంటే వాళ్లు ముందు వరుసలో ఉన్నారు. కాదంటే ముందు వరుస లాంటి చోట, తగిన శిక్షణ లేకుండా ఉన్నారు. రెండింట్లో ఏది నిజమైనా పాత వాదన నిలవదు. 2007 మార్చిలో రాణిబోద్లి పోలీసు శిబిరం మీద మావోయిస్టులు దాడి చేసి 55 మందిని చంపినప్పుడు వాళ్లలో ఎక్కువమంది ఎస్పీవోలే. ఆ రాత్రిని గుర్తుపెట్టుకుని చదివితే ఈ పేరాలోని లెక్క లెక్కలా అనిపించదు.

ప్రభుత్వం ఇంకో మాట కూడా అంది. ఈ కుర్రాళ్లలో చాలామంది నక్సలైట్ల చేతిలో అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లు, అందుకే పట్టుదలగా పనిచేస్తారు. బయట ఎవరన్నా ఇలా అంటే తల ఊపేస్తాం. కోర్టు మాత్రం ఇక్కడే గట్టిగా పట్టుకుంది. పగతో రగిలే మనిషి ఎవరు శత్రువో ఎవరు కాదో నిదానంగా చూసి తేల్చగలడా? ఆ పగను చల్లార్చాల్సిన ప్రభుత్వం దానికి తుపాకీ తొడిగి ఊళ్లమీదికి పంపడం ఏమిటి? నా దృష్టిలో సాధారణ పౌరుల రక్షణ గురించి ఈ తీర్పు చెప్పిన అన్ని మాటల్లోకీ ఇదే లోతైనది. అడవిలో అయినా నగరంలో అయినా పోరులో అమాయకుడు బతకడమన్నది ఎదుటివాడికి ఉన్న ఆ ఒక్క క్షణపు నిదానం మీద ఆధారపడి ఉంటుంది.

నాలుగో దెబ్బ చాలామంది గమనించరు, కానీ వకీళ్లు మెచ్చుకుంటారు. 1861 నాటి పోలీసు చట్టం, తెల్లదొరలు చేసింది, స్పెషల్ పోలీసును నియమించాలంటే ముందు అల్లరో అశాంతో జరిగి ఉండాలి లేదా జరిగే సూచన ఉండాలి, పోలీసు అధికారి పోయి మేజిస్ట్రేటును అడగాలి అంటుంది. 2007లో ఛత్తీస్‌గఢ్ చేసుకున్న కొత్త చట్టం తొమ్మిదో సెక్షన్ ఎస్పీ ఎప్పుడైనా ఎవరినైనా రాతపూర్వక ఉత్తర్వుతో నియమించవచ్చు అంటుంది. ఏ పరిస్థితిలో, ఎలాంటి అర్హతతో, ఏ పనికి అన్నది లేదు. కోర్టు రెండు సెక్షన్లనూ పక్కపక్కన పెట్టింది. వలస పాలకుడు పెట్టుకున్న కళ్లెం మనం తీసేశాం అని తేల్చింది.

కేంద్రం వంతు కూడా వచ్చింది. ఎస్పీవోల సంఖ్యకు ఆమోదం ఇచ్చేది డబ్బు చెల్లించడానికే, నియామకమూ శిక్షణా రాష్ట్రం చూసుకుంటుంది అని కేంద్ర హోంశాఖ చేతులు దులుపుకుంది. పైసలిస్తాం, పిల్లలకు ఏం నేర్పారో మాకు తెలియదు అంటే కుదరదని కోర్టు చెప్పింది. ఈ భాగం కొంచెం నిడివి ఎక్కువైంది, సగానికి కుదించినా బలం తగ్గేది కాదు.

నిడివి సంగతి వచ్చింది కాబట్టి తీర్పు మొదలు గురించి కూడా చెప్పాలి. ఇది జోసెఫ్ కాన్రాడ్ నవల 'హార్ట్ ఆఫ్ డార్క్‌నెస్'తో మొదలవుతుంది. కాంగో అడవిలోని చీకటి, వనరుల కోసం వెళ్లిన వలస పాలన చీకటి, అడిగేవాడు లేని అధికారం చేతికొస్తే మనిషిలో లేచే చీకటి అని మూడు అంచెలు. అక్కడి నుంచి సరళీకరణ విధానాలు, ఖనిజాలు, భూమి. తీర్పును విమర్శించినవాళ్లు ఎక్కువగా పట్టుకున్నది ఈ పేజీలనే. న్యాయమూర్తికి ఆర్థిక విధానంతో ఏం పని అన్నారు. నాకు ఆ అభిప్రాయాలతో పేచీ లేదు, కానీ పని తనదైన చోట కోర్టు గొంతు పెరగదు, ఇక్కడ పెరిగింది. అల్లపల్లి డిపోలో టేకు దుంగ కొనేవాడు బెరడు చూసి బేరం తేల్చడు, కోసిన మొదలు దగ్గర వంగి చేవ చూస్తాడు. ఈ తీర్పుకు బెరడు కాస్త మందం. ఆ బెరడులోనే ఒక మంచి సంగతి కూడా ఉంది: తీవ్రవాద ప్రాంతాల్లో అభివృద్ధి సమస్యల మీద ప్రణాళికా సంఘం వేసిన నిపుణుల బృందం 2008 నివేదికను కోర్టు విస్తారంగా వాడుకుంది. ఆ బృందంలో కె. బాలగోపాల్ ఒక సభ్యుడు. లెక్కల మాస్టారుగా మొదలై, పౌరహక్కుల సంఘం నడిపి, 1998లో మానవ హక్కుల వేదిక పెట్టి, ప్రభుత్వ హింసను ప్రశ్నించిన నోటితోనే నక్సలైట్ల హింసనూ ప్రశ్నించినందుకు రెండు వైపులా మాటలు పడ్డ మనిషి. ఊరికి పోయి ఎవరు, ఎప్పుడు, ఎక్కడ అని అడిగి, పోలీసు ప్రకటన పక్కన పెట్టి పోల్చి చూసే నిజనిర్ధారణ పద్ధతిని తెలుగు నేల మీద స్థిరపరిచిన వాళ్లలో ముందువరుస ఆయనది. 2009 అక్టోబరులో పోయారు, ఈ తీర్పు చూడలేదు. ప్రభుత్వం మాటను ప్రభుత్వానికే చదివి వినిపించే ఈ తీర్పు ఒడుపు ఆ నిజనిర్ధారణ నివేదికలు చదివినవాళ్లకు కొత్తగా అనిపించదు.

ఇలాంటి చిక్కే అడవి లేని చోట, ఇరుకు వీధుల్లో, మరో దేశపు కోర్టు ముందుకు వచ్చింది. వెస్ట్‌బ్యాంక్ పట్టణాల్లో ఇజ్రాయెల్ సైన్యం అనుమానితుణ్ణి పట్టుకోవడానికి వెళ్లినప్పుడు పక్కింటివాణ్ణి పిలిచి తలుపు తట్టి బయటికి రమ్మనమని చెప్పించేది. సైన్యం దీన్ని ముందస్తు హెచ్చరిక అంది, పక్కింటివాడు ఒప్పుకుంటేనే చేస్తాం అంది. 2005 అక్టోబరు 6న ఆ దేశ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి అహరోన్ బరాక్ ఆ పద్ధతి చెల్లదన్నారు. తుపాకులు పట్టుకున్న బలగం గుమ్మంలో నిలబడి అడిగితే అవతలి మనిషి 'సరే'లో ఎంత సరే ఉందో ఎవరికి తెలుసు అన్నది ఆయన చెప్పిన కారణాల్లో ఒకటి. సాధారణ జనాన్ని పోరుకు దూరంగా ఉంచాలి తప్ప లోపలికి లాగకూడదన్నది మరొకటి. ఆ తీర్పు పొట్టిది, పొడిగా ఉంటుంది. మనది పొడుగు, తడిగా ఉంటుంది. మన ప్రభుత్వమూ కుర్రాళ్లు స్వచ్ఛందంగానే వచ్చారు అంది. ఇల్లు కాలి, క్యాంపులో రేషన్ మీద బతుకుతున్న పిల్లవాడు నెలకు మూడు వేలకు తల ఊపితే దాన్ని స్వచ్ఛందం అనాలంటే బరాక్ అడిగిన ప్రశ్నకు ముందు జవాబు చెప్పాలి. మన ధర్మాసనం అడిగింది ఆ ప్రశ్నే, మరో దారిలో: పూర్తి జీతం తీసుకునే పోలీసు ఎదుర్కొనే ప్రమాదంలోకి చదువూ శిక్షణా లేని పిల్లవాణ్ణి అతనితో సమానంగా తోయడం సమానత్వమా? కాదు, 14వ అధికరణకు విరుద్ధం. ఆ పిల్లవాడి ప్రాణానికి ఇంత చౌక ధర కట్టడం 21వ అధికరణకు విరుద్ధం.

ఆదేశాల భాగానికి వస్తే అసలు హస్తకౌశలం అక్కడ ఉంది. ఎస్పీవోలను మావోయిస్టులకు వ్యతిరేకంగా ఏ రూపంలోనూ వాడొద్దు. వాళ్ల నియామకానికి కేంద్రం డబ్బు ఇవ్వొద్దు. ఇచ్చిన తుపాకులన్నీ వెనక్కి తీసుకోండి. ఇక్కడ ఆపేస్తే మంచి తీర్పు అనిపించుకునేది. కానీ వాదనల్లో ప్రభుత్వం ఒక భయం చెప్పింది: తుపాకులు తీసేస్తే వీళ్లను మావోయిస్టులు వెతికి చంపుతారు. నిజమే. ఆ నిజాన్ని చూపించి తుపాకులు ఉంచుకోనివ్వమని అడిగింది ప్రభుత్వం. కోర్టు ఆ నిజాన్ని తీసుకుని ఆదేశంగా మార్చింది: ఇప్పుడు ఉన్నవాళ్లూ ఇదివరకు చేసినవాళ్లూ అందరి ప్రాణాలకూ తగిన రక్షణ మీరే కల్పించాలి. గ్రామాలు తగలబెట్టారన్న ఆరోపణ ఉన్న బలగంలోని కుర్రాళ్లను కూడా పౌరులుగా చూడటం చిన్న సంగతి కాదు. హక్కుల భాష మాట్లాడే చాలామంది ఆ గీత దగ్గరే తడబడతారు. సల్వాజుడుం, కోయ కమాండోలు ఏ పేరుతోనైనా చట్టాన్ని చేతిలోకి తీసుకునే గుంపులను అడ్డుకోవడం, నేరాల మీద ఎఫ్ఐఆర్‌లు, 2011 మార్చిలో మోర్‌పల్లి, తాడిమెట్ల, తిమ్మాపురం ఊళ్లు కాలిన ఘటనల మీద సీబీఐ విచారణ, ఇవి మిగతావి. బలగాలు మకాం వేసిన బడుల సంగతి కూడా ఉంది. బలగాలన్నీ బడులు ఖాళీ చేశాయని ముందు ప్రమాణపత్రం ఇచ్చి, తర్వాత ఇంకా చేయలేదని ప్రభుత్వం ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఇంద్రావతి ఇవతల మా వైపు ఇదే అవసరానికి మరో దారి పట్టారు. గడ్చిరోలిలో 1990లో సి-60 దళం పెట్టినప్పుడు స్థానిక కుర్రాళ్లనే తీసుకున్నారు. అడవి తెలిసినవాళ్లు, గోండి వచ్చినవాళ్లు కావాలన్న లెక్క అవతలా ఇవతలా ఒకటే. తేడా ఏమిటంటే వీళ్లు పోలీసు శాఖ ఉద్యోగులు, పోలీసు జీతం, పోలీసు శిక్షణ, ఫిర్యాదు వస్తే పేరు పెట్టి అడగడానికి ఒక అధికారి. సి-60 మీద ఆరోపణలు లేవని ఎవరూ అనుకోవద్దు. 2018 ఏప్రిల్‌లో కస్నాసూర్ దగ్గర, ఆ మర్నాడు మరోచోట జరిగిన కాల్పుల్లో 40 మంది చనిపోయినప్పుడు హక్కుల సంఘాలు వచ్చి తిరిగి వెళ్లి గట్టి ప్రశ్నలే వేశాయి. కానీ ప్రశ్న వేయడానికి ఎదురుగా ఒక శాఖ ఉంది. ఎస్పీవో విషయంలో అదీ లేదు. తీర్పు పట్టుకున్న తేడా సరిగ్గా అదే, స్థానికుణ్ణి తీసుకోవద్దని కోర్టు ఎక్కడా అనలేదు.

తీర్పు తర్వాత జరిగింది చెప్పకుండా దాటవేస్తే మెచ్చుకోలు భజన అవుతుంది. అదే ఏడాది ఛత్తీస్‌గఢ్ ఒక కొత్త చట్టం చేసి సహాయక సాయుధ పోలీసు బలగం అన్న పేరు పెట్టింది. చట్టం తీర్పు వచ్చిన రోజు నుంచే అమల్లోకి వచ్చినట్టు రాసుకుని పాత ఎస్పీవోలను అందులో చేర్చుకుంది. నవంబరులో సుప్రీంకోర్టే తన ఆదేశం ఛత్తీస్‌గఢ్‌కు మాత్రమే పరిమితం అని స్పష్టం చేసింది. సల్వాజుడుం నాయకుడు మహేంద్ర కర్మను 2013 మేలో దర్భా లోయలో మావోయిస్టులు చంపారు. తాడిమెట్ల కేసులో సీబీఐ అభియోగపత్రం 2016లో గాని రాలేదు. కొత్త చట్టం కోర్టు ధిక్కారం అవుతుందన్న పిటిషన్‌ను 2025 మే 15న సుప్రీంకోర్టు ముగించింది. శాసనసభ చట్టం చేయడం ధిక్కారం కాదంది. ఆ ఏడాదే సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి పోటీ చేస్తే, ఈ తీర్పు రాకపోయి ఉంటే నక్సలిజం 2020కల్లా అయిపోయేదని కేంద్ర హోంమంత్రి అన్నారు. మాజీ న్యాయమూర్తులు కొందరు ఆ మాటను ఖండిస్తూ ప్రకటన ఇచ్చారు. వారం రోజులు టీవీలో దీనిమీద వాదన నడిచింది. నేను విన్నంతలో శిక్షణ జాబితా ఊసు ఎత్తినవాళ్లు ఒక్కరూ లేరు.

తీర్పు సుప్రీంకోర్టు వెబ్‌సైటులో ఎవరైనా తీసుకోవచ్చు. చదవాలనుకుంటే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టకండి. కాన్రాడ్‌ను తర్వాత చూసుకోవచ్చు. నేరుగా 24 పీరియడ్ల దగ్గరికి వెళ్లండి, అక్కడి నుంచి ముందుకు చదవండి, చివరి ఆదేశాల్లో తుపాకీ తిరిగిచ్చిన కుర్రాడికి రక్షణ కల్పించమన్న వాక్యం దాకా.